2018 డిజైర్ డీజిల్, మీటర్‌లో 62 వేలు: మెకానిక్‌తో ఇంజన్ చూపిస్తే సరిపోతుందా?

మీరు ఉండేది విజయవాడ. బండి హైదరాబాద్‌లో ఉంది, 2018 డిజైర్ డీజిల్, ఫస్ట్ ఓనర్, మీటర్ 62 వేలు. మెకానిక్‌ని వెంటబెట్టుకెళ్లి ఇంజన్ చూపిస్తే చాలా అని అడిగారు.

చాలదు. ఇంజన్‌ని చివర్లో చూడండి. ఇంజన్‌లో ఏది పాడైనా డబ్బు పెడితే బాగవుతుంది. యాక్సిడెంట్‌లో ఛాసిస్ (బండిని మోసే చట్రం) వంగిన బండి, వరదలో మునిగిన బండి ఎంత ఖర్చు పెట్టినా మళ్లీ మునుపటిలా కావు. కొనేవాళ్లు మాత్రం సెల్ఫ్ కొట్టి, ఇంజన్ సౌండ్ విని, అక్కడే బేరం మొదలుపెడతారు.

హైదరాబాద్ బస్సెక్కే ముందే ఇంట్లో కూర్చుని సగం పని చేసుకోవచ్చు. ఆర్‌సీ రెండు వైపులా, ఇప్పుడున్న ఇన్సూరెన్స్ పాలసీ ఫోటోలు పంపమనండి. ఆర్‌సీలో ఓనర్ సీరియల్ (ఎన్నో ఓనరో), తయారైన నెల, ఫైనాన్స్ ఎంట్రీ (బండి మీద లోన్ ఉందా) చూడండి. పాలసీలో నో క్లెయిమ్ బోనస్ శాతం, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, చూడండి. ఇది చాలామంది వదిలేసే ఆధారం. క్లెయిమ్ లేకుండా ఏడాదికేడాది అది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. 2018 బండికి, పాలసీ ఎక్కడా ఆగకుండా నడిచి ఉంటే, 50 ఉండాలి. 0 గానీ 20 గానీ ఉంటే ఈ మధ్యే క్లెయిమ్ చేశారన్నమాట. దేనికి చేశారో అడగండి, ఆ రిపేరు బిల్లు చూపించమనండి. క్లెయిమ్ చేసినా బోనస్ పోకుండా కాపాడే యాడ్ ఆన్ (అదనపు కవర్) తీసుకునేవాళ్లూ ఉంటారు కాబట్టి 50 కనిపించిందని పూర్తిగా నిశ్చింతగా ఉండకండి.

మీటర్ సంగతి తేల్చేది సర్వీస్ హిస్టరీ. బండి నంబర్ చెప్పి, ఓనర్ సమక్షంలో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగితే ప్రతి సర్వీస్ నాటి రీడింగ్ ఉంటుంది. ఈ డీజిల్‌కి 10 వేల కిలోమీటర్లకు లేదా ఏడాదికి ఒకసారి సర్వీస్. 2021లో 70 వేలు చూపించిన బండి ఇప్పుడు 62 వేలు చూపిస్తే ఇంక మాట్లాడేదేముంది. ఒక ఏడాది తర్వాత కంపెనీ రికార్డు పూర్తిగా ఆగిపోయినా అనుమానించాల్సిందే. అసలు డీజిల్ కొనేవాళ్లు ఎక్కువ తిరగడానికే కొంటారు. ఏడాదికి పది వేల లోపే తిరిగిన డీజిల్ ఉండదని కాదు, కానీ దానికి కారణం వినాలి.

టైర్ల మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది: 2318 అంటే 2018లో 23వ వారం. మీటర్ 30 వేలని చెప్పి నాలుగు టైర్లూ కొత్తవైతే లెక్క కుదరదు. 62 వేలకు ఒకసారి టైర్లు మార్చడం మామూలే. క్లచ్, బ్రేక్ పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ పట్టుకునే చోటు, డ్రైవర్ సీటు తలుపు వైపు అంచు కూడా చూడండి. రబ్బర్లు నున్నగా అరిగిపోయాయంటే బండి చాలానే తిరిగింది. పైకప్పులో క్యారియర్ బిగించిన రంధ్రాలు, తలుపుల మీద స్టిక్కర్ పీకిన మచ్చలు కనిపిస్తే క్యాబ్‌గా తిరిగి ప్రైవేట్‌గా మారిన బండి కావచ్చు.

బండి దగ్గరికి పగటిపూట వెళ్లండి, వాన పడుతుంటే వద్దు. తడి మీద పెయింట్ తేడా తెలియదు. ముందే స్టార్ట్ చేసి ఉంచొద్దని ఫోన్‌లోనే చెప్పండి.

బాడీలో బంపర్ పెయింట్‌ని పట్టించుకోకండి. మన ఊళ్లలో మళ్లీ రంగు వేయని బంపర్ దొరకడమే అరుదు. చూడాల్సింది బోల్టులు. ఫెండర్, బానెట్ కీళ్లు, డోర్ కీళ్ల బోల్టుల మీద రంగు లేచి స్పానర్ గీతలు ఉంటే ఆ భాగం విప్పారు. ఫెండర్ ఒక్కటే మార్చి ఉంటే చిన్న దెబ్బ, బేరంలో తగ్గించుకోవచ్చు. కానీ బానెట్ ఎత్తి ముందున్న రేడియేటర్ సపోర్ట్ (రేడియేటర్‌ని పట్టుకునే అడ్డ పట్టీ), రెండు వైపులా ఆప్రాన్లు (ఇంజన్ పక్కనుండే లోపలి రేకులు) చూడండి. కంపెనీ స్పాట్ వెల్డింగ్ గుండ్రని చిన్న గుంటల్లా సమాన దూరంలో ఉంటుంది. అక్కడ గరుకు వెల్డింగ్, కొత్త సీలెంట్, సుత్తితో కొట్టిన ముడతలు ఉంటే బండి వదిలేయండి. తలుపు చుట్టూ ఉండే రబ్బర్ బీడింగ్‌ని కాస్త లాగి పిల్లర్ల (పైకప్పుని మోసే నిలువు స్తంభాలు) మీద కూడా అదే చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి కింద గుంట చూస్తే వెనక దెబ్బ తెలుస్తుంది. పెయింట్ మందం కొలిచే మీటర్ దొరికితే ఇంకా మంచిది: కంపెనీ రంగు సుమారు 80 నుంచి 150 మైక్రాన్లు. 300 దాటితే కింద లప్పం ఉన్నట్టే. బాడీ మీద చెక్కిన ఛాసిస్ నంబర్‌ని ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చండి.

నీళ్ల విషయం మరీ జాగ్రత్త. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి మీ విజయవాడ మునిగినప్పుడు ఎన్నో బండ్లు నీళ్లలో ఉండిపోయాయి. అలాంటివి శుభ్రం చేసి మళ్లీ అమ్మకానికి వస్తాయి. వెంటనే చెడిపోవు. వైరింగ్ కనెక్టర్లలో తుప్పు మొదలై నెలల తర్వాత ఒక్కొక్క సెన్సర్, మాడ్యూల్ మొరాయిస్తాయి. నాలుగు సీటు బెల్టులూ చివరిదాకా లాగండి, చుట్టలో లోపల ఉండే భాగం మీద బురద గీత ఉంటుంది. సీటు పట్టాల మీద తుప్పు, డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజ్ బాక్స్‌లో ఆకుపచ్చ పొడి, కార్పెట్ కింద ఫోమ్‌లో తేమ చూడండి. సెంటు వాసన మరీ గుప్పుమంటున్నా కార్పెట్ ఎత్తి చూడాల్సిందే.

ఇక ఇంజన్. బానెట్ మీద చెయ్యి పెట్టండి, చల్లగా ఉండాలి. కీ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ లైట్లు వెలిగి కొన్ని సెకన్లకు ఆరాలి. ఈ మోడల్‌లో అన్ని వేరియంట్లకూ రెండూ ఉన్నాయి. ఆరకపోతే లోపం, అసలు వెలగకపోతే లోపం కనబడకుండా లైటే తీసేశారని అనుమానించాలి. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు గొలుసు కదిలినట్టు చప్పుడు కొన్ని సెకన్లు దాటి సాగితే టైమింగ్ చైన్ సాగింది. ఇది ఫియట్ 1.3 మల్టీజెట్ ఇంజన్, బెల్టు కాదు చైన్. ఆయిల్ ఆలస్యంగా మార్చిన బండ్లలో ఈ బాధ ఎక్కువ. నీలం పొగ వస్తే టర్బో సీళ్లలోంచో పిస్టన్ రింగుల దగ్గరో ఆయిల్ కాలుతోంది. ఆగని తెల్ల పొగ, కూలెంట్ తగ్గిపోవడం కలిస్తే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగం కింద ఉండే సీలు) పోయినట్టు. స్టార్ట్ చేసే ముందే ఆయిల్ మూత తీసి అడుగు చూడండి, పాలమీగడలా ఉంటే నీళ్లు కలిసినట్టు. తర్వాత ఇంజన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా నడుస్తూ) ఉండగా ఆ మూత వదులు చేయండి. డీజిల్‌కి కొంచెం ఆవిరి మామూలే. మూతని ఎగరగొట్టేంత బ్యాక్ కంప్రెషన్ (లోపలి నుంచి గాలి తన్నడం), దట్టమైన పొగ ఉంటే రింగులు అరిగాయి.

కనీసం అరగంట మీరే నడపండి. 2000 ఆర్‌పీఎం లోపు పికప్ మందంగా ఉంటే కంగారుపడకండి, ఈ ఇంజన్ స్వభావమే అంత. నాలుగో గేర్‌లో 40 దగ్గర ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కండి. ఆర్‌పీఎం పెరిగి స్పీడ్ పెరగకపోతే క్లచ్ అయిపోయింది. ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి తిరగండి, టక్ టక్ చప్పుడు వస్తే డ్రైవ్ షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) అరిగినట్టు. స్పీడ్ బ్రేకర్ల మీద కటకటమంటే సస్పెన్షన్‌లో లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు అరిగాయి. అవి చిన్న ఖర్చే. 80లో బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణికితే బ్రేక్ డిస్కుల్లో లోపం.

బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని ఎర్రర్ కోడ్లు ఫోన్‌లో చూపించే పరికరం) అరువు దొరికినా తీసుకెళ్లండి. ఎర్రర్ కోడ్లు లేకపోవడంతో తృప్తిపడకుండా, కోడ్లు చెరిపాక తిరిగిన దూరం అనే రీడింగ్ చూడండి. అది ఐదారు కిలోమీటర్లు చూపిస్తే మీకు చూపించే ముందే చెరిపారు.

నచ్చితే అడ్వాన్స్ కొద్దిగానే ఇవ్వండి. తెలంగాణ బండి ఏపీకి మార్చాలంటే అక్కడి ఆర్‌టీఓ నుంచి ఫామ్ 28 ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఓనర్ పేరు మార్చే ఫామ్ 29, 30 మీద ఓనర్ సంతకాలు, లోన్ ఉంటే ఆర్‌సీలో లోన్ ఎంట్రీ తీసేయించే ఫామ్ 35తో పాటు బ్యాంక్ ఎన్‌ఓసీ కావాలి. పెండింగ్ చలాన్లు పాత ఓనరే కట్టాలి. ఏపీలో లైఫ్ ట్యాక్స్ మళ్లీ పడుతుంది, బండి వయసును బట్టి తగ్గుతుంది. అది ఎంతో మీ రవాణా శాఖ ఆఫీసులో ముందే కనుక్కుని బేరంలో కలపండి. డెలివరీ నోట్‌లో (బండి మీకు అప్పగించినట్టు రాసే కాగితం) తేదీతో పాటు టైమ్ కూడా రాయించండి. ఆ తర్వాత 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చుకోవాలి. పాత ఓనర్ బోనస్ మీకు రాదు, ఆ తేడా మీరే కట్టాలి.