హైదరాబాద్ టికెట్టును బట్టి క్రెడిట్ కార్డు

"ఏ కార్డు తీసుకుంటే ఇండియా టికెట్లు చవకగా వస్తాయండీ?" అని అమెరికాకు కొత్తగా వచ్చిన మనవాళ్లు ఎవరో ఒకరు నన్ను అడగని నెల ఉండదు. వారిలో ఎమ్మెస్ చదవడానికి వచ్చి మూడు నెలలైనా నిండని పిల్లలు ఉంటారు, హెచ్1బి మీద భార్యాబిడ్డలతో దిగినవారూ ఉంటారు. ఎవరు అడిగినా నేను ముందు తెలుసుకోవాలనుకునేది ఒక్కటే: మీరు ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఏ నెలలో, ఎంతమంది వెళ్తారు? డల్లాస్ నుంచి బడి సెలవుల్లో హైదరాబాద్ వెళ్లే నలుగురున్న ఇంటికీ, న్యూజెర్సీ నుంచి సంక్రాంతికి ఒక్కడే గన్నవరంలో దిగే కుర్రాడికీ ఒకే కార్డు పనికిరాదు. టికెట్టు తేలాకే కార్డు సంగతి తేలుతుంది.

అయితే దానికంటే ముందు చూసుకోవలసినది క్రెడిట్ చరిత్ర. కనీసం ఒక ఖాతా తెరిచి ఆరు నెలలు గడిస్తే తప్ప అప్పు తీర్చే తీరును బట్టి బ్యాంకులు చూసే మార్కు, అంటే ఫైకో స్కోరు, మీకు ఏర్పడదు. ఆ స్కోరు 300 నుంచి 850 వరకు ఉంటుంది. ఇక్కడ అడుగుపెట్టిన నెలలోనే, ప్రయాణాలకు వాడుకునే పాయింట్లిచ్చే పెద్ద ట్రావెల్ కార్డుకు దరఖాస్తు చేస్తే చాలావరకు తిరస్కరిస్తారు. పైగా ఆ దరఖాస్తు కోసం బ్యాంకు చేసిన విచారణ రెండేళ్ల పాటు మీ క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి మొదట వార్షిక ఫీజు లేని స్టూడెంట్ కార్డో, రెండు మూడు వందల డాలర్లు డిపాజిట్ చేసి తీసుకునే సెక్యూర్డ్ కార్డో చాలు. పరిమితిలో 30 శాతానికి మించి వాడకుండా, ప్రతి నెలా పూర్తి బిల్లు దానంతట అదే చెల్లిపోయేలా ఆటోపే పెట్టుకుని ఏడాది గడపండి. హెచ్4 (హెచ్1బి వారి కుటుంబానికిచ్చే వీసా) మీద వచ్చి సోషల్ సెక్యూరిటీ నంబరు లేని జీవిత భాగస్వామిని మీ కార్డులో ఆథరైజ్డ్ యూజర్‌గా, అంటే మీ ఖాతా మీదే కార్డు వాడే మనిషిగా, చేర్చవచ్చు. చాలా బ్యాంకులు దీనికి ఆ నంబరు తప్పనిసరి అనవు, రేపు ఆమెకో, ఆయనకో సొంత కార్డు కావలసినప్పుడు అది అక్కరకు వస్తుంది.

పూర్తి బిల్లు అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చిన ఒక విద్యార్థి తన కార్డు పాయింట్లు చూపిద్దామని ఫోన్ తెరిచాడు. పాయింట్ల కింద మూడు వేల డాలర్ల బకాయి, దాని కింద 'మినిమమ్ పేమెంట్ 90' అని కనిపించాయి. "మినిమమ్ కట్టేస్తున్నా కదా అంకుల్" అన్నాడు ఎంతో నమ్మకంగా. అతని కార్డు వడ్డీ ఏడాదికి 24 శాతం, అంటే మూడు వేల మీద నెలకు 60 డాలర్లు. కట్టిన తొంభైలో అరవై వడ్డీకే పోతోంది. ఆ మూడు వేలు ఖర్చు పెట్టినందుకు రెండు శాతం లెక్కన అతనికి వచ్చిన పాయింట్ల విలువ కూడా సరిగ్గా 60 డాలర్లే. ఒక్క నెల వడ్డీతో పాయింట్లన్నీ చెల్లిపోయాయి, రెండో నెల నుంచి అంతా నష్టమే. బకాయి ఉన్నంత కాలం ఏ రివార్డు కార్డూ మీకు టికెట్టు కొనిపెట్టదు. ముందు బకాయి తీర్చండి, తర్వాతే కింద రాసినది చదవండి.

ఇక కార్డుల విషయానికి వస్తే, నెలకు 2,500 డాలర్లు కార్డు మీద ఖర్చయ్యే ఇంటిని తీసుకుందాం. ఏడాదికి 30,000 డాలర్లు. ఫీజు లేకుండా అన్నిటి మీదా రెండు శాతం క్యాష్‌బ్యాక్ ఇచ్చే కార్డు మీద 600 డాలర్లు చేతికి వస్తాయి. దాన్ని ఏ విమానానికైనా, డిసెంబరు రద్దీలోనైనా వాడుకోవచ్చు. అదే ఖర్చు డాలరుకు రెండు మైళ్లు (అంటే పాయింట్లే) ఇచ్చే క్యాపిటల్ వన్ వెంచర్ కార్డు మీద పెడితే 60,000 మైళ్లు వస్తాయి. మైలును ఒక సెంటు చొప్పున ప్రయాణ ఖర్చుకు వాడుకుంటే అదీ 600 డాలర్లే, అందులోంచి 95 డాలర్ల వార్షిక ఫీజు పోవాలి. కొత్త కార్డుకు మొదటి ఏడాది ఇచ్చే బోనస్‌ను పక్కన పెడితే, ట్రావెల్ కార్డు క్యాష్‌బ్యాక్‌ను మించాలంటే మైలుకు ఒక సెంటు కంటే ఎక్కువ రాబట్టగలగాలి. అది సాధ్యమే కానీ ఓపిక, ముందుచూపు రెండూ కావాలి. అవి లేనివారు క్యాష్‌బ్యాక్ కార్డు తీసుకున్నంత మాత్రాన ఏమీ పోగొట్టుకున్నట్టు కాదు. ఈ మాట ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను.

ఓపిక ఉన్నవారికి నేను సూచించేది ఎయిర్‌లైన్ల మైళ్ల ఖాతాల్లోకి బదిలీ చేసుకోగల పాయింట్లు ఇచ్చే కార్డు. చేజ్ బ్యాంకు వారి సఫైర్ ప్రిఫర్డ్, క్యాపిటల్ వన్ వెంచర్ ఈ కోవకు చెందినవే. విదేశాల్లో వాడితే పడే అదనపు రుసుము వీటికి లేదు కాబట్టి ఇండియాలో బట్టల దుకాణంలోనూ గీయవచ్చు. ఒకే ఎయిర్‌లైన్ పేరు మీద వచ్చే కార్డు ఆ సంస్థ విమానాల్లో దేశం లోపల తరచూ తిరిగేవారికి బాగుంటుంది. మనం ఇండియా వెళ్లే టికెట్లలో చాలావరకు చెక్-ఇన్ బ్యాగులు కలిసే ఉంటాయి కనుక, ఆ కార్డులు ఊరించే ఉచిత బ్యాగుతో మనకు ఒరిగేది తక్కువ. లాంజ్ సౌకర్యాల పెద్ద కార్డుల సంగతీ అంతే. చేజ్ సఫైర్ రిజర్వ్ వార్షిక ఫీజు 2025లో 550 నుంచి 795 డాలర్లకు పెరిగింది. ఏడాదికి ఒక్కసారి ఇంటికి వెళ్లేవారికి అంత ఖర్చు అనవసరమని నా అభిప్రాయం.

బదిలీలో అసలు కిటుకు, మైళ్లతో తీసుకున్న టికెట్టు మీద కూడా ఎయిర్‌లైన్ వేసే సర్‌ఛార్జిలలో ఉంది. ఒకవైపు టికెట్టు డబ్బుతో కొంటే 800 డాలర్లు అనుకోండి. 45,000 మైళ్లు, 60 డాలర్ల పన్నులతో అదే వస్తే మైలుకు దాదాపు 1.6 సెంట్లు పలికినట్టు. అదే 45,000 మైళ్లు ఇచ్చాక కూడా 450 డాలర్లు కట్టమంటే మైలుకు 0.8 సెంటైనా రాదు, కొండను తవ్వి ఎలుకను పట్టినట్టవుతుంది. ఎమిరేట్స్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ సొంత విమానాలకు మైళ్లు వాడినప్పుడు ఈ సర్‌ఛార్జి బరువుగానే ఉంటుంది. ఎయిర్ కెనడా వారి మైళ్ల పథకం ఏరోప్లాన్ 2020 నుంచి ఇంధన సర్‌ఛార్జి వసూలు చేయడం మానేసింది, భాగస్వామి ఎయిర్‌లైన్ టికెట్టుకు 39 కెనడా డాలర్ల రుసుము మాత్రం తీసుకుంటుంది. ఎయిర్ కెనడా ఉన్న స్టార్ అలయన్స్ అనే ఎయిర్‌లైన్ల కూటమిలోనే ఎయిర్ ఇండియా కూడా 2014 నుంచి ఉంది కాబట్టి, మైళ్లతో తీసుకోగల సీట్లు విడుదలైనప్పుడు ఏరోప్లాన్ పాయింట్లతో ఢిల్లీ మీదుగా హైదరాబాద్‌కో విజయవాడకో టికెట్టు తీసుకోవచ్చు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్‌కు నడిచే లుఫ్తాన్సా కూడా ఆ కూటమిలోదే. చేజ్, క్యాపిటల్ వన్ రెండింటి పాయింట్లూ ఏరోప్లాన్‌కు వెళ్తాయి.

సీట్లు విడుదలైనప్పుడు అన్నాను. దాని వెనుక నా సొంత అనుభవం ఉంది. ఒక ఏడాది డిసెంబరు ప్రయాణానికి ఒక ఎయిర్‌లైన్‌లో మా నలుగురికీ సీట్లు కనిపించాయి. రాత్రి పదకొండు గంటలకు భోజనాల బల్ల మీద నాలుగు పాస్‌పోర్టులు పరుచుకుని, పాయింట్లన్నీ ఆ సంస్థ ఖాతాలోకి పంపేశాను. అవి చేరడానికి రెండు రోజులు పట్టింది. చేరేసరికి రెండు సీట్లే మిగిలాయి. బదిలీ చేసిన పాయింట్లు వెనక్కి రావు. ఇద్దరం ఒక విమానంలో, ఇద్దరం మరో విమానంలో వెళ్లలేక చివరికి నలుగురికీ డబ్బుతోనే కొన్నాం, ఆ మైళ్లు తర్వాత రెండేళ్లు అలాగే పడి ఉన్నాయి. అప్పటి నుంచి నేను పాటించే పద్ధతి ఇది: ఆ ఎయిర్‌లైన్‌కు ఆ బ్యాంకు నుంచి పాయింట్లు వెంటనే చేరతాయో, రోజులు పడుతుందో ముందే తెలుసుకుంటాను, సీట్లు ఎదుట కనిపిస్తున్నప్పుడే పంపుతాను, నలుగురికీ ఒకేసారి దొరక్కపోతే వెళ్లేటప్పుడు డబ్బుతో, వచ్చేటప్పుడు మైళ్లతో తీసుకుంటాను.

కొత్త కార్డుకిచ్చే ప్రారంభ బోనస్ మాటకు వస్తే, మొదటి మూడు నెలల్లో నాలుగైదు వేల డాలర్లు ఖర్చు పెట్టాలనే షరతు సాధారణం. ఎలాగూ రాబోయే ఖర్చు, అంటే కారు బీమా, సామాన్లు, ఇండియా టికెట్లే ఉన్నప్పుడు కార్డు తీసుకుంటే ఆ మొత్తం సహజంగా నిండుతుంది. బోనస్ కోసం విశ్వవిద్యాలయ ఫీజు కార్డు మీద కట్టేవారు, అక్కడ సాధారణంగా మూడు శాతం దాకా అదనపు రుసుము పడుతుందని మరచిపోకూడదు. గత 24 నెలల్లో ఏ బ్యాంకు నుంచైనా ఐదు కార్డులు తీసుకున్నవారికి చేజ్ సాధారణంగా ఇవ్వదు కాబట్టి, చేజ్ కార్డు కావాలనుకుంటే దాన్ని వరుసలో ముందు పెట్టుకోండి.

మైళ్లతో కాక డబ్బు పెట్టి టికెట్టు కొన్నా సరే, ట్రావెల్ కార్డుతోనే కొనండి. సఫైర్ ప్రిఫర్డ్‌తో కొన్న ప్రయాణం 12 గంటలకు పైగా ఆలస్యమైనా, రాత్రి బస చేయవలసి వచ్చినా, ఒక్కో టికెట్టుకు 500 డాలర్ల వరకు హోటల్, భోజనం ఖర్చులు తిరిగి ఇచ్చే బీమా దానితో వస్తుంది. మార్గమధ్యంలో రసీదులు దాచుకోవడం, ఆలస్యానికి కారణాన్ని ఎయిర్‌లైన్ నుంచి రాతపూర్వకంగా తీసుకోవడం మరవకండి.

ఇండియాకు శాశ్వతంగా తిరిగి వెళ్లాలని నిర్ణయించుకున్నవారు కార్డు మూసేముందు ఒక పని చేయాలి. ఖాతా మూసిన తర్వాత బ్యాంకు పాయింట్లు సాధారణంగా రద్దవుతాయి, ఎయిర్‌లైన్ ఖాతాలోకి చేరిన మైళ్లు మాత్రం మీ పేరు మీదే ఉంటాయి. కాబట్టి పెట్టెలు సర్దే వారంలోనే, హైదరాబాద్ నుంచి మీరు నిజంగా ఎక్కబోయే ఎయిర్‌లైన్ ఏదో చూసుకుని, మిగిలిన పాయింట్లను అక్కడికి పంపి, అవి చేరాయని చూసుకున్నాకే బ్యాంకుకు ఫోన్ చేయండి.