కాసిల్టన్ చుట్టుపక్కల నడక: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పిల్లలు ఇంగ్లండులో ఉండి, వేసవికి అక్కడికి బయల్దేరుతున్న మన సీమ పాఠకులు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్నది లండన్ గురించి కాదు, పల్లెల గురించి. డెర్బీషైర్‌లోని కాసిల్టన్ పల్లె మీద వచ్చిన ప్రశ్నలు ఈసారి తీసుకున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి షెఫీల్డులో ఉద్యోగం. జూన్‌లో కాసిల్టన్‌లో వారం రోజులకు ఇల్లు బాడుగకు తీసుకుంటున్నాడు. పగలు వాడికి ఇంట్లోనే ఆఫీసు పని. మాకు కారు నడపడం రాదు. నాకు 63 ఏళ్ళు, మా ఆవిడకు మోకాళ్ళ నొప్పి. ఏమేం చూడొచ్చు? (రిటైర్డ్ టీచరు, ప్రొద్దుటూరు)

జవాబు: కారు లేకపోయినా ఇబ్బంది లేదు. షెఫీల్డు నుంచి మాంచెస్టర్ వైపు పోయే, అన్ని స్టేషన్లలో ఆగే రైలెక్కి హోప్‌లో దిగండి. సుమారు అరగంట. ఆ స్టేషను నుంచి కాసిల్టన్ దాదాపు 4 కిలోమీటర్లు. బస్సు ఉంది గానీ, వాగు వెంట పచ్చిక బయళ్ళ మీదుగా పోయే కాలిబాట చదునుగా ఉంటుంది. నిదానంగా నడిస్తే గంట దాటుతుంది. మధ్యలో సిమెంటు ఫ్యాక్టరీ గూడ్సు లైను దాటాలి, రెండు వైపులా చూసుకోండి. కాసిల్టన్ ఉన్నది నేషనల్ పార్కులో, అందులో సిమెంటు చిమ్నీ ఏమిటా అనిపిస్తుంది. సున్నపురాయి ఉన్నచోట తప్పదు, ఎర్రగుంట్ల చూసినవాళ్ళకు చెప్పాలా!

మీరు ఒక్కటే కొండ ఎక్కేట్టయితే మామ్ టోర్ ఎక్కండి. ఎత్తు 517 మీటర్లు, పల్లె నుంచి లెక్కేస్తే 320 మీటర్ల ఎక్కుడు. ఊరి పడమటి వైపున్న పాత రోడ్డు పట్టుకోండి. తారు పొరలు పొరలుగా విరిగి, మెట్లుమెట్లుగా కుంగి ఉంటుంది. ఈ కొండలో ఇసుకరాయి పొరల మధ్య, కింద షేలు అనే మెత్తటి పొరల రాయి ఉంది. వాననీరు ఇంకినప్పుడల్లా కొండలో ఆ ముక్క మొత్తం కిందికి జారుతుంది. ఏళ్ళ తరబడి మరమ్మతు చేసి చేసి, 1979లో రోడ్డును పూర్తిగా మూసేశారు. మాకైతే శిఖరం కన్నా ఈ రోడ్డే చూడదగ్గది. అది దాటి మామ్ నిక్ అనే కనుమకు చేరితే, అక్కణ్ణుంచి పైకి రాతిమెట్లు. శిఖరం మీద నుంచి గట్టు వెంట పరిచిన బండల మీద నడిచి, హాలిన్స్ క్రాస్ అనే చోట కుడికి దిగితే మళ్ళీ ఊళ్ళోకి వస్తారు. చుట్టు తిరిగితే దాదాపు 8 కిలోమీటర్లు.

టైము లెక్క ఇలా వేసుకోండి: 5 కిలోమీటర్లకు గంట, ఆ పైన ప్రతి 100 మీటర్ల ఎక్కుడికి 10 నిమిషాలు. ఈ లెక్కన రెండు గంటలు దాటుతుంది. అది అలవాటున్నవాళ్ళ లెక్క. మీరు నాలుగు గంటలు పెట్టుకోండి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి తొందర లేదు. అదే డిసెంబరైతే సాయంత్రం నాలుగుకే చీకటి.

మోకాళ్ళకు ఎక్కుడు కన్నా దిగుడే కష్టం. అందుకని మీ ఆవిడకు ఈ చుట్టు వద్దు. పని మొదలయ్యేలోపు అబ్బాయిని మామ్ నిక్ కార్ పార్కు దాకా కారులో తీసుకుపొమ్మనండి. అక్కడి నుంచి శిఖరానికి దాదాపు 100 మీటర్ల ఎక్కుడే, మెట్ల దారే. ఎండ కాసిన రోజు ఆ పార్కు తొందరగా నిండిపోతుంది. గట్టు మీద ఇంకా ముందుకు పోయి బ్యాక్ టోర్ వైపు మాత్రం ఆమెను తీసుకుపోవద్దు, అక్కడ దారి నిటారుగా, రాళ్ళు వదులుగా ఉంటాయి. విన్నట్స్ పాస్ లోయ ఫోటోల్లో చాలా బాగుంటుంది, కానీ ఆ ఇరుకు రోడ్డుకు ఫుట్‌పాత్ లేదు, కారులోంచే చూడండి. ఊరి మీదున్న పెవరిల్ కోటకు వంకర్ల దారి, ఎక్కుడు గట్టిగానే ఉంటుంది. అందులోని బురుజును 1176లో రెండో హెన్రీ రాజు కట్టించాడు.

ప్రశ్న: అక్కడ ఎవరి పొలంలో పడితే వాళ్ళ పొలంలో నడుస్తారంట, నిజమా? మా దగ్గర గట్టు మీద కాలు పెడితే తగవులే. (తాడిపత్రి)

జవాబు: ఎక్కడ పడితే అక్కడ కాదు. పొలం రైతుదే, అందులోని కాలిబాట మీద నడిచే హక్కు మాత్రం అందరిదీ. ఆ దారులన్నీ కౌన్సిలు దగ్గర చట్టబద్ధమైన మ్యాపులో నమోదై ఉంటాయి. గేటు గుంజ మీద పసుపు బాణం ఉంటే మనుషులు నడిచే దారి. నీలం బాణమైతే గుర్రాలు, సైకిళ్ళు కూడా వస్తాయి. ఎరుపైతే బండ్లు కూడా. రైతు దున్నినప్పుడు దారి చెరిగితే 14 రోజుల్లో మళ్ళీ నడవనిచ్చేట్టు చేయాలి. దారి గోధుమ చేను మధ్యలో ఉంటే ఒకరి వెనక ఒకరుగా నేరుగా పోండి. మర్యాదకని గట్టు చుట్టూ తిరిగితే, దారి లేని చోట పైరు తొక్కినట్టవుతుంది.

ఈ హక్కు ఊరికే రాలేదు. కాసిల్టన్‌కు దగ్గర్లోనే ఉన్న కిండర్ స్కౌట్ కొండను జమీందార్లు వేటకని మూసి పెట్టుకుంటే, 1932 ఏప్రిల్ 24న వందల మంది కార్మికులు గుంపుగా ఎక్కారు. ఐదుగురు జైలుకు పోయారు. 1949లో నేషనల్ పార్కుల చట్టం, 1951లో దేశంలో మొదటి నేషనల్ పార్కుగా కాసిల్టన్ ఉన్న ఈ పీక్ డిస్ట్రిక్టే వచ్చాయి. బీడు కొండల మీద బాట వదిలి తిరిగే హక్కు మాత్రం 2000 చట్టంతోనే దొరికింది.

ఫోను మ్యాపును నమ్ముకోవద్దు, లోయల్లో సిగ్నలు పోతుంది. అక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళ ఎక్స్‌ప్లోరర్ మ్యాపు, నారింజ అట్ట, నంబరు ఓఎల్ 1 కొనండి. అందులో 4 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ఆకుపచ్చ గీతల ముక్కలే హక్కున్న దారులు. చాలామంది నల్ల చుక్కల వరస చూసి దారనుకుంటారు. అది పల్లె పొలిమేర. దాన్ని పట్టుకుని పోతే ముళ్ళకంపలో తేలతారు.

గేటు తెరిచి ఉంటే తెరిచే వదలండి, మూసి ఉంటే మూసి వదలండి. గొర్రెలు ఏ బీట్లో ఉండాలో రైతు అలా లెక్కగా పెట్టుకుంటాడు.

ప్రశ్న: బెలుం గుహలు చూసినవాళ్ళం. మళ్ళీ అక్కడ గుహలకు డబ్బు పెట్టాలా? (ఆదోని)

జవాబు: కాసిల్టన్‌లో టికెట్టు పెట్టి చూపించే గుహలు నాలుగు. ఒకటి చూడండి, నాలుగూ వద్దు. రాయి రెండు చోట్లా సున్నపురాయే గానీ లోపలి వాతావరణం వేరు. గుహలో వేడి ఆ ప్రాంతపు ఏడాది సగటుకు దగ్గరగా ఉంటుంది. అందుకే బెలుంలో చెమటలు కారతాయి, కాసిల్టన్‌లో వణుకు పుడుతుంది. ఎండ రోజైనా స్వెటరు తీసుకుపోండి.

పీక్ కావర్న్ ఊళ్ళోనే ఉంది, దాని ముఖద్వారం చాలా పెద్దది. శతాబ్దాల పాటు అందులోనే తాళ్ళు పేనేవాళ్ళు పని చేసుకుంటూ కాపురమున్నారు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు నాలుగింటిలో ఇదే నయం. స్పీడ్‌వెల్ పాత సీసం గని. 100కు పైగా మెట్లు దిగి, నీళ్ళు నిండిన సొరంగంలో పడవలో పోతారు. పిల్లలకు బాగుంటుంది, ఇరుకంటే భయపడేవాళ్ళు వద్దు. బ్లూ జాన్, ట్రీక్ క్లిఫ్ గుహల్లో ఊదా, పసుపు చారల ఫ్లోర్‌స్పార్ రాయి దొరుకుతుంది, దాని పేరే బ్లూ జాన్. బ్లూ జాన్ గుహలో 200కు పైగా మెట్లు, దిగినవన్నీ మళ్ళీ ఎక్కాలి. ఊళ్ళో ఆ రాయి నగలు అమ్ముతారు. చిన్న లాకెట్టుకు కూడా ధర గట్టిగానే ఉంటుంది.

ప్రశ్న: అమ్మ చీర తప్ప కట్టదు. చెప్పులతో నడవచ్చా? (కడప)

జవాబు: చెప్పులు వద్దు. గొర్రెలు తిరిగే చోట బురద, తడిసిన సున్నపురాయి నున్నగా జారుతుంది. చీలమండ దాకా వచ్చే బూట్లు ఇక్కడే కొని, రెండు వారాలు ఇంటి చుట్టూ వేసుకుని తిరిగితే కాలు కొరకదు. చీరతో హోప్ బాట నడవచ్చు. రాతి గోడల మీద ఎక్కి దాటే మెట్లున్న దారుల్లో కుచ్చిళ్ళు కాలికి అడ్డం పడతాయి, అక్కడ చుడీదారే మేలు. గట్టు మీద గాలికి గొడుగు నిలవదు, టోపీ ఉన్న రెయిన్ కోటు కావాలి. జీన్సు తడిస్తే ఆరదు. పబ్బుల్లో మధ్యాహ్నం వంట రెండున్నర ప్రాంతంలో ఆపేసేవి చాలా ఉంటాయి, చిత్రాన్నం డబ్బా సంచిలో ఉండనివ్వండి.

ప్రశ్న: పాములు, తేళ్ళ భయం ఉందా? (పులివెందుల)

జవాబు: తేళ్ళ బెడద లేదు. ఆడర్ అనే ఒక్క విషసర్పం ఉంది, అడుగుల చప్పుడుకే తప్పుకుంటుంది. అసలు ఇబ్బంది దారి పక్క నెటిల్ మొక్క. మన దూలగొండిలా తగిలితే మంట. గోకకుండా చన్నీళ్ళు పోయండి. ఫెర్న్ పొదల్లో నడిచిన రోజు రాత్రి మోకాళ్ళ వెనక, నడుము దగ్గర పిడుదులున్నాయేమో చూసుకోండి. ఉంటే చిమటతో చర్మానికి ఆనించి పట్టి నేరుగా లాగాలి, నూనె పూయకూడదు. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రటి దద్దు పెద్దదవుతూ వస్తే పిడుదుల వల్ల వచ్చే లైమ్ వ్యాధి అని అనుమానించి డాక్టరుకు చూపించాలి.

పశువులతో పెరిగిన మనవాళ్ళు చేసే పొరపాటు ఇంకొకటుంది: ఆవు కనిపిస్తే నిమరబోతారు. దూడ ఉన్న ఆవు అక్కడ మీదికొస్తుంది. తల్లికీ దూడకూ మధ్య నడవకుండా దూరంగా చుట్టి పోండి. కోడెదూడల గుంపు వెంటపడితే పరుగెత్తకూడదు, వెనక్కి తిరిగి చేతులు చాపి నిలబడితే ఆగుతాయి. కొండ మీద కాలు బెణికి కదలలేకపోతే 999కు ఫోను చేసి ముందు పోలీసును, తర్వాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి. నేరుగా అంబులెన్సు అంటే అది రోడ్డు దాకానే వస్తుంది.