డ్యురాన్ డ్యురాన్: చూసింది చాలు, ఇక విందాం

పోయిన సంచికలో ఎనభైల నాటి బ్రిటిష్ పాప్ గురించి రాస్తూ, డ్యురాన్ డ్యురాన్ బ్యాండ్‌ని అందరూ చూశారే గానీ సరిగా విన్నవాళ్లు తక్కువ అని ఓ మాట అనేసి ముందుకెళ్లిపోయాను. ఆ ఒక్క మాట మీదే ఉత్తరాలు వచ్చాయి. కొందరు ఒప్పుకున్నారు, కొందరు గట్టిగానే తగులుకున్నారు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాళ్లకే.

ప్రశ్న: నిజం చెప్పండి. వాళ్లు అందగాళ్లు కాబట్టి హిట్టయ్యారు, అంతే కదా? ఇప్పుడేమో అభిమానులు వాళ్లని మహా సంగీతకారులు అంటున్నారు. వయసు మీదపడ్డాక చిన్నప్పటి పాటలన్నీ గొప్పగానే వినిపిస్తాయి. ఇదీ అలాంటిదేనా?

సగం అలాంటిదే. పదిహేనేళ్ల వయసులో గోడకి ఈ బ్యాండ్ బేస్ వాద్యకారుడు జాన్ టేలర్ పోస్టర్ అంటించుకున్నవాళ్లు ఇప్పుడు "అబ్బే, మేం బేస్ గిటార్ కోసమే విన్నాం" అంటే నేనూ నమ్మను. కానీ మిగతా సగం పాటల్లోనే ఉంది, ఎవరైనా వెళ్లి విని చూసుకోవచ్చు.

1978లో బర్మింగ్‌హామ్‌లో నిక్ రోడ్స్, జాన్ టేలర్ అనే ఇద్దరు కుర్రాళ్లు ఈ బ్యాండ్ మొదలుపెట్టారు. అప్పటికి ఇంగ్లండ్‌లో పంక్ అనే మొరటు, తిరుగుబాటు రాక్ సంగీతం వేడి ఇంకా చల్లారలేదు, ఇంకోపక్క అమెరికా నుంచి డిస్కో వచ్చిపడుతోంది. పంక్ ఇష్టపడేవాళ్లు డిస్కో పేరెత్తితే కొట్టేలా ఉండేవాళ్లు. వీళ్లకి మాత్రం రెండూ కావాలి. జాన్ మొదట్లో వాయించింది గిటార్. షీక్ అనే అమెరికన్ బ్యాండ్‌లో బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ బేస్ వాయించే తీరుకి పడిపోయి, తనూ బేస్‌కి మారిపోయాడు. డ్రమ్స్ రోజర్ టేలర్ పంక్ బ్యాండ్ నుంచి వచ్చాడు, గిటార్ ఆండీ టేలర్‌ది గట్టి రాక్ చెయ్యి. (ముగ్గురూ టేలర్లే గానీ చుట్టరికం ఏమీ లేదు, ఎవరో ఒకరు ఎప్పుడూ అడుగుతారని ముందే చెప్తున్నా.) చివర్లో, 1980లో, బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో నాటకాలు చదువుతున్న సైమన్ లె బాన్ గులాబీ రంగు చిరుత మచ్చల ప్యాంటు వేసుకుని, చేతిలో తన పాటల నోటుబుక్కుతో వచ్చి పాడే కుర్చీలో కూర్చున్నాడు.

వీళ్లు ప్రాక్టీస్ చేసుకున్నది రమ్ రన్నర్ అనే నైట్‌క్లబ్‌లో. ఉత్తినే చోటు ఇవ్వరు కదా, అక్కడే పనులు కూడా చేశారు. నిక్ రికార్డులు వేసేవాడు, రోజర్ ఖాళీ గ్లాసులు ఏరేవాడు, ఆండీ వంటగదిలో, జాన్ గుమ్మం దగ్గర. ఏ పాటకి జనం లేచి ఆడుతున్నారో, ఏ పాటకి వెళ్లి కూర్చుంటున్నారో వాళ్లకి రోజూ కళ్లముందు కనిపించేది. మొదటి ఆల్బమ్ (1981) వింటే ఆ సంగతి తెలిసిపోతుంది, అది పోస్టర్ల కోసం తయారైన బ్యాండ్ చేసే సంగీతం కాదు, డ్యాన్స్ ఫ్లోర్ తెలిసినవాళ్ల సంగీతం. "గర్ల్స్ ఆన్ ఫిల్మ్" తీసుకోండి. ఆ వీడియో గోల ఎంత పెద్దదైందంటే, టీవీలో చాలాచోట్ల కత్తిరించి వేయాల్సి వచ్చింది, జనానికి అదే గుర్తుండిపోయింది. ఒక్కసారి తెర ఆపేసి వినండి. కెమెరా మోటార్ చప్పుడుతో మొదలై డ్రమ్స్ అందుకోగానే, బేస్ ఆ దెబ్బల మధ్య ఖాళీల్లోకి దూరిపోతూ ఉంటుంది. పైన గొంతు, సింథసైజర్ (రకరకాల శబ్దాలు పుట్టించే ఎలక్ట్రానిక్ కీబోర్డు) చేసేదంతా ఆ ఇద్దరి మీద నిలబడిందే.

ప్రశ్న: మరి అంత బాగుంటే అప్పటి విమర్శకులకి ఎందుకు వినపడలేదు? అందరూ చెవిటివాళ్లా?

చెవులున్నాయి, కళ్లే అడ్డొచ్చాయి.

1981 ఆగస్టులో అమెరికాలో ఎంటీవీ మొదలైంది, ఇరవైనాలుగు గంటలూ వెయ్యడానికి వాళ్ల దగ్గర సరిపడా వీడియోలు లేవు. ఇటు బ్రిటన్‌లో ఈ ఐదుగురు దర్శకుడు రస్సెల్ మల్కాహీతో కలిసి 1982లో శ్రీలంక వెళ్లి మూడు వీడియోలు తీసుకొచ్చారు. "సేవ్ ఎ ప్రేయర్"లో సిగిరియా కొండ, పొలొన్నరువ బుద్ధ విగ్రహాలు కనిపిస్తాయి, "హంగ్రీ లైక్ ద వుల్ఫ్"లో అడవి, బజారు, ఏనుగులు. తర్వాత "రియో" కోసం కరీబియన్ దీవి ఆంటిగ్వా సముద్రంలో పడవెక్కి, ఆంటొనీ ప్రైస్ కుట్టిన సిల్కు సూట్లలో నిలబడ్డారు. అదే ఏడాది మొదట్లో బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటింది. ఫ్యాక్టరీలు మూతబడుతుంటే, అదీ బర్మింగ్‌హామ్ లాంటి ఫ్యాక్టరీల ఊరి కుర్రాళ్లు, పడవ మీద షాంపేన్ లాంటి బతుకు చూపిస్తుంటే సంగీత పత్రికలకి ఒళ్లు మండింది. అప్పటి ప్రధాని థాచర్ కాలపు డాబుకి వీళ్లే బొమ్మలు అని తేల్చేశారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది, తప్పని కూడా అనను. కాకపోతే ఆ పత్రికలే మెచ్చుకున్న కొన్ని బ్యాండ్ల కన్నా వీళ్ల కుటుంబాలు ఏమంత ఉన్నవాళ్లవి కావు. జాన్ తండ్రి ఉద్యోగం కూడా కార్ల పరిశ్రమతో ముడిపడిందే.

ఇంకో కారణం ఉంది, ఇది ఎవరూ పైకి చెప్పరు. వీళ్ల అభిమానుల్లో ఎక్కువమంది టీనేజ్ అమ్మాయిలు. అమ్మాయిలు కేకలు పెట్టే బ్యాండ్ అంటే పత్రికల్లోని మగాళ్లకి అలుసు, అందులో వినడానికి ఏమీ ఉండదని ముందే నిర్ణయించేసుకుంటారు. ఇప్పుడు ఆ అమ్మాయిలే పెద్దవాళ్లై, వాళ్లలో కొందరు పాటల గురించి రాసేవాళ్లై, "మేం పెట్టిన కేకలు ఊరికే పెట్టలేదు" అంటున్నారు. ఈ కొత్త గౌరవంలో చాలా భాగం వాళ్లు తెచ్చిందే.

ప్రశ్న: సాహిత్యం మాటేమిటి? నేను ఎంత ప్రయత్నించినా సగం పాటలు అర్థం కావు.

నాకూ కావు. "ద రిఫ్లెక్స్"కి అర్థం చెప్పమంటే అభిమానులే తలో మాట చెప్తారు. ఒక పాటలో ప్రియురాలిని అణుయుద్ధంతో పోల్చాడు లె బాన్, దాని మీద నలభై ఏళ్లుగా జోకులు నడుస్తూనే ఉన్నాయి. ఆయన మాటలు అర్థం కోసం కన్నా నోటికి బాగున్నాయని రాసినట్టుంటాయి. అది డ్యాన్స్ పాటల్లో చెల్లిపోతుంది, నెమ్మది పాటల్లో ఒక్కోసారి ఇబ్బందిగా ఉంటుంది.

ప్రశ్న: నాకు పెద్ద హిట్లు నాలుగైదు మాత్రమే తెలుసు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

"రియో", 1982. అనుమానమే లేదు, కానీ హిట్ల కోసం కాదు.

లండన్‌లోని ఎయిర్ స్టూడియోలో చేశారు, నిర్మాత కోలిన్ థర్స్టన్, అంతకుముందు డేవిడ్ బోవీ, ఇగ్గీ పాప్‌ల రికార్డులకి ఇంజనీర్‌గా పనిచేసినవాడు. ఈ ఆల్బమ్‌లో అభిమానులు ఇప్పుడు ఎక్కువగా మాట్లాడుకునేది సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా, రాని పాటల గురించి. "న్యూ రిలిజియన్"లో లె బాన్ గొంతులు రెండు ఒకదాని మీద ఒకటి పడుతూ వాదించుకుంటుంటాయి, కింద బేస్ దాని దారిన అది ఫంక్ నడక నడుస్తుంటుంది. "హోల్డ్ బ్యాక్ ద రెయిన్" హుషారుగా వినిపిస్తుంది గానీ, అప్పటికే తాగుడూ మత్తుమందుల్లో చెయ్యిదాటిపోతున్న జాన్ కోసం లె బాన్ రాసిన పాట అది. వాళ్ల పాటలు పార్టీల గురించే అనేవాళ్లకి నేను దీన్ని వినిపిస్తాను.

చివరి పాట "ద షోఫర్". బేస్ గొప్పతనం అంటూ ఇంతసేపు చెప్పాను కదా, ఇందులో దాదాపు అంతా నిక్ సింథసైజర్లే, మధ్యలో లె బాన్ ఊదిన ఒకరీనా అనే చిన్న మట్టి పిల్లనగ్రోవి. బ్యాండ్‌లో చేరకముందే రాసుకున్న కవిత ఇది, ఆ నోటుబుక్కులోదే. నెమ్మదిగా, కాస్త భయపెడుతూ సాగుతుంది. ఎక్కడో కాలిఫోర్నియాలో భారీ గిటార్లు వాయించే డెఫ్టోన్స్ బ్యాండ్ దీన్ని మళ్లీ పాడిందంటే, పాప్ బొమ్మల బ్యాండ్ అనే ముద్ర ఎంతవరకు నిజమో మీరే ఆలోచించుకోండి. నిక్ సంగీతం నేర్చుకున్నవాడు కాదు, పది వేళ్లతో గబగబా వాయించే రకమూ కాదు. ఏ శబ్దం ఎక్కడ ఉండాలో మాత్రం బాగా తెలుసు. "రియో" పాట మొదట్లో వచ్చే ఆ వింత మోత ఉందే, పియానో తీగల మీద లోహపు కడ్డీలు పడేసి, ఆ టేపుని తిరగేసి వేసింది.

ఒక జాగ్రత్త. ఈ ఆల్బమ్ మొదట అమెరికాలో సరిగా పోలేదని అక్కడి కంపెనీ డేవిడ్ కెర్షెన్‌బామ్‌తో రికార్డు మొదటివైపు పాటల్ని మళ్లీ మిక్స్ చేయించింది, అంటే గొంతు, వాయిద్యాల పాళ్లు మార్పించింది, డ్యాన్స్‌కి ఇంకాస్త గట్టిగా ఉండేలా. అదీ బాగానే ఉంటుంది. అయినా ముందు బ్రిటిష్ మిక్సే వినండి, అందులో వాయిద్యాల మధ్య గాలి ఆడుతుంది.

ప్రశ్న: లె బాన్‌కి అసలు పాడటం వచ్చా? లైవ్ ఎయిడ్ చూశాను, అయ్యో అనిపించింది.

1985 జులై 13న ఫిలడెల్ఫియాలో, కరువు బాధితుల కోసం పెట్టిన ఆ కచేరీలో, "ఎ వ్యూ టు ఎ కిల్" పాడుతూ పైస్థాయికి వెళ్లబోయి గొంతు జారింది. ప్రపంచమంతా చూసింది పాపం. ఆ వారం అమెరికాలో నంబర్ వన్ పాట కూడా అదే! అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి వెళ్లిన జేమ్స్ బాండ్ సినిమా పాట ఇప్పటికీ అదొక్కటే. గొప్ప గాయకుడు కాదు, ఒప్పుకుంటా, గుర్తుపట్టగలిగే గాయకుడు. స్టూడియోలో ఒకే గొంతుని నాలుగైదు వరసలుగా పేర్చి పల్లవికి ఆ ఊపు తెస్తారు, వేదిక మీద ఒంటరిగా దొరికిపోతాడు.

ప్రశ్న: మీరు చెప్పేది చూస్తే వాళ్లు చేసిందంతా బంగారమే అన్నట్టుంది. "సెవెన్ అండ్ ద రాగ్డ్ టైగర్" కూడా క్లాసిక్ అంటున్నారు ఈమధ్య. మీరూ అంటారా?

అనను. ఇక్కడే అభిమానులతో నాకు పేచీ. నిన్నటిదాకా ఎవరూ పట్టించుకోలేదని ఇవాళ అన్నిటికీ దండలు వేస్తే ఎలా?

1983లో వచ్చిన ఆ ఆల్బమ్ బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది, వాళ్ల ఆల్బమ్‌లలో అక్కడ ఆ స్థానానికి వెళ్లింది ఇదొక్కటే. అమ్మకాలు వేరు, పాటలు వేరు. ఫ్రాన్స్‌లో కొంత, మాంట్‌సెరాట్‌లో కొంత, సిడ్నీలో కొంత నెలల తరబడి రికార్డు చేశారు. విన్నప్పుడు ఆ అలసట తెలుస్తుంది. అసలు ఈ బ్యాండ్ బలం బేస్, డ్రమ్స్ అని చెప్పుకున్నాం కదా, ఇందులో వాటి మీద సింథ్‌లు, కోరస్‌లు, చిన్నాచితకా శబ్దాలు పొరలు పొరలుగా పోసేశారు. "ద రిఫ్లెక్స్" ఆల్బమ్‌లో ఉన్న రూపం వినండి, తర్వాత 1984లో సింగిల్‌గా వచ్చిన రూపం వినండి. షీక్ గిటారిస్టు నైల్ రాడ్జర్స్ ఆ బరువంతా విప్పేసి, గొంతుని ముక్కలు చేసి ఆడించి, కింద లయని బయటికి లాగాడు. బ్రిటన్, అమెరికా రెండు చోట్లా నంబర్ వన్. వాళ్లకి ఏది బలమో బయటివాడు వచ్చి చూపించాల్సి వచ్చింది.

తర్వాత జాన్, ఆండీ పక్కకెళ్లి పవర్ స్టేషన్ అనే బ్యాండ్ పెట్టారు, అందులో డ్రమ్స్ షీక్ డ్రమ్మర్ టోనీ థాంప్సన్, నిర్మాత బెర్నార్డ్ ఎడ్వర్డ్సే. ఎవరిని చూసి బేస్ పట్టాడో ఆయన ముందే బేస్ వాయించడం, జాన్‌కి ఎంత టెన్షన్ అయ్యుంటుందో! మిగతా ముగ్గురూ ఆర్కేడియా పేరుతో మెత్తటి, ఖరీదైన రికార్డు చేశారు, గ్రేస్ జోన్స్, స్టింగ్, డేవిడ్ గిల్మర్, హెర్బీ హ్యాంకాక్ అంతా వచ్చారు. నాకు అది సగం నచ్చుతుంది.

1995 నాటి "థ్యాంక్ యు" గురించైతే అడక్కండి. దాదాపు అన్నీ ఇతరుల పాటలే. పబ్లిక్ ఎనిమీ రాప్‌ని వీళ్లు పాడాలని ఎవరికి తోచిందో.

ప్రశ్న: మా ఆయన 1985 తర్వాత డ్యురాన్ డ్యురాన్ లేదంటారు. నాకు "ఆర్డినరీ వరల్డ్" ప్రాణం. ఎవరు కరెక్టు?

మీరే. ఆయనకి "నొటోరియస్" (1986) కూడా వినిపించండి. అప్పటికి రోజర్ వెళ్లిపోయాడు, ఆండీ వెళ్లిపోతున్నాడు, ఐదుగురు కాస్తా ముగ్గురయ్యారు. నైల్ రాడ్జర్స్ నిర్మాతగా వచ్చి గిటార్ కూడా వాయించాడు. అమ్మకాలు తగ్గాయి గానీ సంగీతం కాదు, నాకైతే "రియో" తర్వాత వాళ్ల రెండో మంచి ఆల్బమ్ అదే.

"ఆర్డినరీ వరల్డ్" హిట్టయింది 1993లో, వీళ్ల పని అయిపోయిందని అందరూ రాసేశాక. చనిపోయిన స్నేహితుడి గురించి లె బాన్ రాసిన పాట. సాహిత్యం మీద ఇందాక నేనన్న మాట ఇక్కడ పనిచేయదు, ప్రతి వాక్యం అర్థమవుతుంది, తగులుతుంది. వారెన్ కుకురుల్లో గిటార్ లేకపోతే మాత్రం ఆ పాట లేదు, కొత్త అభిమానులు ఆయన పేరు మర్చిపోతుంటారు.

పాత ఐదుగురు 2001లో మళ్లీ కలిశారు, 2004లో "ఆస్ట్రనాట్" తెచ్చారు, కొన్నాళ్లకి ఆండీ మళ్లీ వెళ్లిపోయాడు. కలిశాక వచ్చినవాటిలో మార్క్ రాన్సన్ నిర్మించిన "ఆల్ యు నీడ్ ఈజ్ నౌ" (2010) వినదగ్గది. ఆయన వీళ్ల అభిమాని, "రియో" తర్వాత ఈ ఆల్బమ్ వచ్చి ఉండాల్సింది అన్న లెక్కలో చేయించాడు, బేస్‌ని మళ్లీ ముందుకు తెచ్చాడు. 2022లో అభిమానుల ఓటింగ్‌లో మొదటి స్థానంతో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లారు. ఆ రాత్రి ఆండీ రాలేకపోయాడు. తనకి నాలుగో దశ ప్రోస్టేట్ క్యాన్సర్ అని రాసిన ఉత్తరం గురించి లె బాన్ వేదిక మీద చెప్పాడు.

ప్రశ్న: అప్పటి ఇంకో బ్రిటిష్ బ్యాండ్ స్పాండౌ బాలే గొప్పా, డ్యురాన్ డ్యురాన్ గొప్పా? ఒక్క ముక్కలో చెప్పండి.

గొంతు అయితే స్పాండౌ టోనీ హాడ్లీది, బ్యాండ్ అయితే డ్యురాన్. రెండు ముక్కలయ్యాయి, క్షమించాలి.