పాత కారు తాళాల కోసం క్రెడిట్ కార్డు వాడొచ్చా?

ప్రశ్న: ఎన్నాళ్ళనుంచో మోజుపడిన 1960ల చివరినాటి కారు ఒకటి కొని బాగుచేయిస్తున్నాను. బాడీ పని నడుస్తుండగా షెడ్డులో తాళంచెవులు పోయాయి. ఇగ్నిషన్, రెండు తలుపులు, డిక్కీ, గ్లోవ్‌బాక్స్, పెట్రోల్ ట్యాంకు మూత... దేనికీ తాళంచెవి లేదు. ఆనాటి కంపెనీ సరుకే, ఎవరూ వాడని పూర్తి లాక్ సెట్ ఒకరి దగ్గర ఉంది. ధర నా నెల జీతంలో సగానికి పైనే. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పమంటున్నారు. దాచిన డబ్బు పెయింటు వరకే సరిపోతుంది. సెట్‌ను క్రెడిట్ కార్డు మీద కొనవచ్చా? లేదంటే ఎమర్జెన్సీ ఫండ్‌లోంచి తీయాలా?

జవాబు: రెండూ వద్దండీ. అసలు ఆ సెట్ మీకు అవసరమో కాదో ఇంకా తేలలేదు. పోయింది తాళంచెవులు మాత్రమే, తాళాలు కారుకే ఉన్నాయి. వాటికి కొత్త తాళంచెవి చేయించడం, మొత్తం సెట్ కొనడం రెండూ వేర్వేరు ఖర్చులు. ముందు చిన్న ఖర్చుతో పని అవుతుందేమో చూడాలి.

మీ కారు పాతది కావడం ఇక్కడ మీకు కలిసొచ్చే విషయం. 1990ల మధ్య నుంచి వచ్చిన చాలా కార్ల తాళంచెవిలో చిప్ ఉంటుంది, దాన్ని కారు కంప్యూటర్‌కు పరిచయం చేయాలి, ఖర్చంతా అక్కడే. మీ కారుకు ఆ బెడద లేదు. లాక్ సిలిండర్ లోపల ఐదారు పలుచని ఇత్తడి పలకలు, వాటి కింద చిన్న స్ప్రింగులు ఉంటాయి. తాళంచెవి మీది గాట్లు ఆ పలకల ఎత్తుకు సరిపోతే లాక్ తిరుగుతుంది. అంటే లాక్ చేతిలో ఉంటే దాన్ని చూసి తాళంచెవి కోయవచ్చు.

దానికన్నా సులువైన దారి కోడ్ నంబరు. ఆ కాలపు తయారీదారులు చాలామంది తాళంచెవి కోడ్‌ను లాక్ మీదే చెక్కేవారు. బ్రిటిష్ కార్లలో చాలావాటికి అది ఇగ్నిషన్ ముఖం మీదే కనిపిస్తుంది, ఎఫ్‌ఎస్ లాంటి అక్షరాల పక్కన ఒక సంఖ్యగా. మరికొన్ని కార్లలో డోర్ లాక్ సిలిండర్ పక్కనో, గ్లోవ్‌బాక్స్ లాక్ వెనకో, డోర్ హ్యాండిల్ లోపలి వైపునో ఉంటుంది. కోడ్ దొరికితే తాళాల పనివాళ్ళు కంపెనీ కొలతలతోనే కొత్త తాళంచెవి కోసిస్తారు. అరిగిపోయిన పాత తాళంచెవికి నకలు తీయించినదానికన్నా ఇది చాలా మెరుగు. నకలు తీస్తే గాట్లతోపాటు అరుగుదల కూడా కొత్త తాళంచెవిలోకి వచ్చేస్తుంది.

రెండు తాళంచెవులు చేయించాల్సి రావచ్చని కూడా లెక్కలో ఉంచుకోండి. ఆ రోజుల్లో చాలా అమెరికా కార్లకు ఇగ్నిషన్‌కీ తలుపులకీ ఒక తాళంచెవి, డిక్కీకీ గ్లోవ్‌బాక్స్‌కీ ఇంకొకటి ఇచ్చేవారు. మీ ముందు ఓనర్లలో ఎవరైనా ఏదో ఒక లాక్ మార్చి ఉంటే మూడోది కూడా అవసరం కావచ్చు.

ఇప్పుడు డబ్బు సంగతి. కార్డు మీద నెలకు 3 శాతం వడ్డీ పడుతుందనుకోండి. ఏడాదికి 36 శాతం అనిపిస్తుంది గానీ, కట్టకుండా వదిలేస్తే వడ్డీ మీద వడ్డీ కలిసి 42 శాతం దాటుతుంది. నడవడానికి ఇంకా నెలలు పట్టే కారు కోసం ఆ భారం ఎందుకు? ఎమర్జెన్సీ ఫండ్ జోలికి అసలు వెళ్ళొద్దు. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైనా ఆదుకునే డబ్బు అది. కారుకు తాళంచెవి లేకపోవడం టెన్షనే కానీ, ఆ కోవలోకి రాదు.

మీ లెక్కలో నాకు నిజంగా దిగులు కలిగించింది వేరే ఉంది. దాచిన డబ్బంతా పెయింటుకే పోతుందన్నారు. పాత కారు పనిలో విప్పినకొద్దీ ఏదో ఒకటి బయటపడుతుంది. ఈరోజు తాళంచెవులు, రేపు వైరింగ్. మొత్తం అంచనాలో 15 నుంచి 20 శాతం ఏ పనికీ కేటాయించకుండా పక్కన పెట్టాలి. అది లేదంటే పెయింటు రెండు నెలలు వాయిదా వేయండి.

వాయిదా వేస్తే ఇంకో లాభం కూడా ఉంది. లాక్‌లు విప్పాలంటే డోర్ ప్యాడ్లు తీయాలి, హ్యాండిల్స్ ఊడదీయాలి. బాడీ పనిలో అవి ఎలాగూ బయటికి వస్తాయి, కూలీ విడిగా ఇవ్వక్కర్లేదు. పెయింటు అయ్యాక అదే పని చేయిస్తే కూలీ మళ్ళీ మొదలు, పైగా గీతలు పడే భయం. నేనూ ఒక పాత కారు బాగుచేయించాను. అప్పుడు పెయింటు ముందు, లాక్‌లు తర్వాత పెట్టుకున్నాను. హ్యాండిల్ తీసేటప్పుడు గీత పడి ఒక డోర్‌కు మళ్ళీ పెయింటు వేయించాల్సి వచ్చింది. ఆ డబ్బు ఇప్పటికీ మనసులో మెదులుతూనే ఉంటుంది. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

మరో మాట. పోయిన తాళంచెవులు ఎవరి చేతిలో ఉన్నాయో మనకు తెలియదు. అందుకే కోడ్‌తో తాళంచెవి చేయించి ఊరుకోకుండా, ఇగ్నిషన్‌లోనూ తలుపుల్లోనూ పలకల వరస మార్పించండి. అప్పుడు పాత తాళంచెవి పనిచేయదు, పైన కనిపించే లాక్ మాత్రం కారుతో వచ్చిన అసలుదే ఉంటుంది. పాత కారు కొనేవారు ఆ అసలుదనానికి విలువ ఇస్తారు. వరస మార్చాక లాక్ మీది పాత కోడ్ ఇక చెల్లదు, కాబట్టి కొత్త గాట్ల కొలతలు రాయించుకుని ఆర్‌సీ కాగితాలతో కలిపి దాచండి. బిల్లులు కూడా పారేయొద్దు. ఇన్సూరెన్స్ వాళ్ళు కారు విలువ లెక్కకట్టేటప్పుడు, దొంగతనం క్లెయిమ్‌లో తాళంచెవుల గురించి అడిగినప్పుడు అవి పనికొస్తాయి.

ఒక్కచోట మాత్రం పొదుపు చూడొద్దు. 1960ల చివరినాటి కార్లలో కొన్నిటికి స్టీరింగ్ లాక్ ఇగ్నిషన్‌తో కలిసే ఉంటుంది. బిగించాక తల తెగిపోయే బోల్టులతో దాన్ని పెడతారు, తీయడం ఓపిక, నేర్పు ఉన్నవాళ్ళ పని. అది అరిగి వదులుగా ఉంటే బాగుచేయించి సరిపెట్టుకోకండి, కొత్తది కొనండి. బండి కదులుతుండగా స్టీరింగ్ బిగుసుకుంటే ప్రాణాలకే ముప్పు. పక్కన పెట్టమన్న డబ్బులోంచి మొదట తీయాల్సింది దీనికే.

డిక్కీ తెరుచుకోవడం లేదని ఎవరైనా డ్రిల్ చేద్దామంటే ఒప్పుకోకండి. చాలా కార్లలో వెనక సీటు తీస్తే లోపలికి దారి దొరుకుతుంది. డ్రిల్ చేశారంటే ఆ లాక్ పోయినట్టే, అప్పుడు సెట్ కొనక తప్పదు.

ఇక ఆ అమ్మే ఆయన గడువు గురించి. ఈ వారంలోనే ఇగ్నిషన్ ముఖం శుభ్రం చేసి చూడండి, గ్లోవ్‌బాక్స్ లాక్ ఒక్కటి విప్పించండి. కోడ్ దొరికినా, పలకలు బాగున్నాయని పనివాళ్ళు చెప్పినా ఆయనకు వద్దని చెప్పేయండి. ఒకటి రెండు లాక్‌లు పూర్తిగా పాడై ఉంటే, సెట్ విడదీసి అవి మాత్రం ఇస్తారేమో అడగండి. లోపల ఏం కనిపించిందో నాకు రాయండి, మిగతా బడ్జెట్ కలిసి వేసుకుందాం.