లక్ష యూరోల హామీ ఎవరి జేబులోంచి?

(బ్యాంకులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మేనేజరు పాఠకుల సందేహాలకు ఇచ్చే జవాబులు)

ప్రశ్న: మా అబ్బాయీ కోడలూ మ్యూనిక్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. ఇల్లు కొనుక్కుందామని ఒకే బ్యాంకులో 1,70,000 యూరోలు దాచారు. బ్యాంకు మునిగితే లక్ష యూరోలే వస్తాయని మా వదినగారి అల్లుడు చెప్పాడు. అప్పటినుంచీ నాకు నిద్ర లేదు. మావాడేమో ‘ఇది యూరప్ అమ్మా, టెన్షన్ పడకు’ అంటాడు. నిజమేమిటి?
— ఒక తల్లి, ఏలూరు

జవాబు: అమ్మా, టెన్షన్ పడొద్దన్న మాట వరకు మీ అబ్బాయి కరెక్టే. చెప్పిన కారణం మాత్రం కరెక్టు కాదు.

ముందు మీ నిద్ర సంగతి చూద్దాం. ఆ ఖాతా ఎవరి పేరున ఉంది? మీరు ఆ ముక్క రాయలేదు. ఇద్దరి పేరునా ఉంటే ఒక్కొక్కరికి లక్ష చొప్పున రెండు లక్షల యూరోల వరకు హామీ ఉంటుంది, 1,70,000 మొత్తం అందులోకి వచ్చేస్తుంది. ఒక్క అబ్బాయి పేరునే ఉంటే 70,000 బయట పడుతుంది. అప్పుడు ఆ భాగాన్ని వేరే బ్యాంకులో వేసుకోమనండి. అదే బ్యాంకు ఇంకో బ్రాంచిలో వేస్తే లాభం లేదు. ఇంకో వెసులుబాటు కూడా ఉంది. ఉన్న ఇల్లు అమ్మితే వచ్చిన పెద్ద మొత్తం కొన్నాళ్ళు ఖాతాలో ఉంటుంది కదా, అలాంటి సొమ్ముకు జర్మనీలో ఆరు నెలల పాటు ఐదు లక్షల యూరోల వరకు రక్షణ ఇస్తారు. మీవాళ్ళది దాచుకున్న డబ్బు కాబట్టి ఇది వర్తించదు. రేపు ఎప్పుడైనా పనికొస్తుందని చెప్తున్నాను.

ఇక ‘ఇది యూరప్’ అన్న మాట. ఆ హామీ యూరప్‌ది కాదండీ, జర్మనీది. యూరప్ చట్టం ముఖ్యంగా చెప్పేది రెండు ముక్కలు: ఒక్కో బ్యాంకులో మనిషికి లక్ష యూరోల చొప్పున హామీ ఉండాలి, బ్యాంకు మూతపడితే ఏడు పనిదినాల్లో ఆ సొమ్ము చేతికి రావాలి. డబ్బు పెట్టేది మాత్రం ఏ దేశానికి ఆ దేశపు నిధే. ఆ దేశంలోని బ్యాంకులు ప్రీమియం కట్టి దాన్ని నింపుతాయి. హామీ ఉన్న ప్రతి వంద యూరోలకు కనీసం 80 సెంట్లు అందులో ఉండాలని లెక్క.

వందకు 80 సెంట్లేనా అని మళ్ళీ నిద్ర మానేయకండి. ఊరంతటికీ ఒక్క ఫైరింజను ఉన్నట్టే ఇది. ఒకటి రెండు ఇళ్ళు అంటుకుంటే సరిపోతుంది. వీధి వీధంతా అంటుకుంటే ఏమిటన్నదే అసలు పేచీ. అదృష్టవశాత్తూ కింది ఉత్తరం దాని గురించే.

ప్రశ్న: యూరో దేశాలకు కరెన్సీ ఒకటే, కేంద్ర బ్యాంకు ఒకటే. అయినా ఉమ్మడి డిపాజిట్ బీమా పెట్టుకోవడానికి పదేళ్ళుగా ఎందుకు కొట్టుకుంటున్నారు? మన దేశంలో 1962 నుంచీ ఉన్నదే కదా?
— రిటైర్డ్ ఎకనామిక్స్ లెక్చరర్, హనుమకొండ

జవాబు: మాస్టారూ, ముందు సైప్రస్‌లో జరిగింది గుర్తు చేస్తాను. 2013 మార్చి 16, శనివారం. అక్కడి బ్యాంకులు గ్రీసు బాండ్లలో బాగా దెబ్బతిన్నాయి. వాటిని నిలబెట్టే స్తోమత ఆ చిన్న దేశానికి లేదు. రాత్రంతా బ్రస్సెల్స్‌లో మంతనాలు జరిగాయి. తెల్లారేసరికి తేలిందేమిటంటే, డిపాజిటర్లందరి మీదా ఒక్కసారికి పన్ను. లక్ష యూరోల పైన ఉన్నవాళ్ళకు 9.9 శాతం, లక్షలోపు వాళ్ళకు 6.75 శాతం. లక్షలోపు డబ్బుకు చట్టప్రకారం హామీ ఉంది కదా అంటే, ఇది నష్టం కాదు, పన్ను అన్నారు. జనం ఏటీఎంల దగ్గరికి పరిగెత్తారు. 19న పార్లమెంటులో ఓటింగు పెడితే అనుకూలంగా ఒక్క ఓటూ పడలేదు. చివరికి లక్షలోపు వాళ్ళను వదిలేశారు. బ్యాంకులు మాత్రం మళ్ళీ 28నే తెరుచుకున్నాయి. అప్పుడు కూడా రోజుకు 300 యూరోలకు మించి తీయనివ్వలేదు. బ్యాంక్ ఆఫ్ సైప్రస్‌లో లక్ష దాటిన సొమ్ములో 47.5 శాతాన్ని షేర్లుగా మార్చి చేతిలో పెట్టారు.

యూరో నోటు మీద ఏ దేశం పేరూ ఉండదు. కానీ ఆ వారం నికోసియా బ్యాంకులో ఉన్న యూరో వేరు, ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాంకులో ఉన్న యూరో వేరు. హామీ మీద రాసిన అంకె రెండుచోట్లా ఒకటే. దాని వెనకున్న జేబులో ఎంతుందన్నదే తేడా.

అందుకే 2015 నవంబరులో యూరోపియన్ కమిషన్ ఉమ్మడి బీమా ప్రతిపాదన పెట్టింది. పెద్ద బ్యాంకుల పర్యవేక్షణ అప్పటికే యూరోపియన్ కేంద్ర బ్యాంకు చేతికి వచ్చేసింది. మునిగిన బ్యాంకును సర్దుబాటు చేసే ఉమ్మడి బోర్డు కూడా వచ్చింది. మూడో కాలు ఈ బీమా. మూడు మెట్లలో తెద్దామనుకున్నారు. మొదట దేశ నిధి ఖాళీ అయితేనే ఉమ్మడి నిధి ఆదుకుంటుంది. తర్వాత మొదటి యూరో నుంచీ రెండూ కలిసి భరిస్తాయి. 2024కల్లా పూర్తిగా ఉమ్మడి. ఆ 2024 వచ్చింది, వెళ్ళింది. మొదటి మెట్టే ఎక్కలేదు.

అడ్డుపడ్డది ముఖ్యంగా జర్మనీ. అక్కడ ఊరూరా స్పార్‌కాసె అనే పొదుపు బ్యాంకులు, వాటితో పాటు సహకార బ్యాంకులు ఉన్నాయి. ఒకటి తడబడితే మిగతావి కలిసి దాన్ని మునగనివ్వకుండా చూసుకునే ఏర్పాటు వాటికి ఎప్పటినుంచో ఉంది. ‘మా ఇల్లు మేం చక్కబెట్టుకున్నాం, ఇంకో దేశం ఇచ్చిన మొండి బాకీలకు మా ప్రీమియం ఎందుకు?’ అని వాళ్ళ ప్రశ్న.

ఈ ప్రశ్నను నేను కొట్టిపారేయలేను. ఎందుకో మా పెద్దక్క కథ చెప్తాను.

ఇరవై ఏళ్ళ పైమాట. అక్క టీచరుగా రిటైరై, వచ్చిన డబ్బులో 1,65,000 హైదరాబాదులో ఒక సహకార అర్బన్ బ్యాంకులో వేసింది. రెండు శాతం వడ్డీ ఎక్కువ. వద్దక్కా అంటే, ‘నువ్వు మీ బ్యాంకు వాడివి, అలాగే అంటావులే’ అంది. ఒకరోజు పొద్దున్నే వెళ్తే షట్టరు దించి ఉంది, దాని మీద తెల్లకాగితం అంటించి ఉంది. నేను సెలవు పెట్టి తోడు వెళ్ళాను. షట్టరు ముందు ఒకాయన నోటుపుస్తకంలో వచ్చినవాళ్ళ పేర్లు వరసనెంబరు వేసి రాసుకుంటున్నాడు. ఆయన బ్యాంకు మనిషి కాదు, ఆయనా డిపాజిటరే. ఏదో ఒకటి చేయాలి కదా అని రాస్తున్నాడు. అక్క నెంబరు 212. ఆ నెంబరుకు ఏ విలువా లేదని తెలిసి కూడా అక్క దాన్ని పాస్‌బుక్కు వెనక రాసుకుంది.

రెండున్నరేళ్ళ తర్వాత లక్ష వచ్చింది. అప్పట్లో బీమా పరిమితి అంతే. ఆ లక్ష ఇచ్చింది ముంబైలోని డిపాజిట్ ఇన్సూరెన్స్ కార్పొరేషన్. అందులో ప్రీమియం ఎక్కువగా కట్టేది స్టేట్ బ్యాంకు లాంటి పెద్ద వాణిజ్య బ్యాంకులు. క్లెయిములు వచ్చేది ఎక్కువగా సహకార బ్యాంకుల నుంచి. మా బ్యాంకూ కట్టింది. అంటే మా బ్రాంచి లెక్కల్లోంచి పోయిన పైసలే చుట్టూ తిరిగి మా అక్కకు చేరాయన్నమాట. ‘చూశావా, చివరికి మీ బ్యాంకే ఇచ్చింది’ అని అక్క ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

ఇందులో రెండు వాదనలూ ఉన్నాయి మాస్టారూ. ఆ ఒకటి రెండేళ్ళలో హైదరాబాదులో అర్బన్ బ్యాంకులు వరసగా మూతపడ్డాయి. మన రాష్ట్రానికి విడిగా నిధి ఉండి ఉంటే ఆ దెబ్బకు చిల్లిగవ్వ మిగిలేది కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రానికి సరిగ్గా ఇదే జరిగింది. 1985లో హోమ్ స్టేట్ అనే ఒక్క పొదుపు బ్యాంకు కూలితే, ఆ రాష్ట్రంలో పొదుపు సంస్థలు విడిగా పెట్టుకున్న హామీ నిధి ఊడ్చుకుపోయింది. గవర్నరు డెబ్భై దాకా సంస్థలకు తాళాలు వేయించాల్సి వచ్చింది. ఇది ఉమ్మడి వైపు వాదన. జాగ్రత్తగా అప్పులిచ్చే బ్యాంకూ, చుట్టాలకూ పక్కాలకూ అప్పులిచ్చే బ్యాంకూ ఒకే రేటున ప్రీమియం కట్టడం అన్యాయం కదా అన్నది జర్మనీ వైపు వాదన. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మన దగ్గర అందరికీ ఒకే రేటు. ఈ విషయంలో యూరప్ చట్టమే నయం. రిస్కు ఎక్కువున్న బ్యాంకు ఎక్కువ కట్టాలని అక్కడ నియమం ఉంది.

అయితే జర్మనీ ఇల్లు మరీ అంత చక్కబెట్టి ఏమీ లేదు. 2021 మార్చిలో బ్రేమెన్‌లో గ్రీన్‌సిల్ బ్యాంకు కూలితే జర్మన్ ప్రైవేటు బ్యాంకుల హామీ నిధులు సుమారు 270 కోట్ల యూరోలు చెల్లించాల్సి వచ్చింది. ఎక్కువ వడ్డీ చూసి డబ్బు వేసిన మున్సిపాలిటీలకు ఆ హామీ లేదు. ‘రెండు శాతం ఎక్కువ’ అన్నది మా అక్క ఒక్కదాని బలహీనత కాదు!

ఇంకో ముడి ఉంది, అసలు ముడి అదే. ఇటలీ బ్యాంకుల దగ్గర ఇటలీ ప్రభుత్వ బాండ్లు గుట్టలుగా ఉంటాయి. ప్రభుత్వానికి బ్యాంకు అప్పిస్తుంది, బ్యాంకు మునిగితే ప్రభుత్వం ఆదుకుంటుంది. నేను పంటరుణాలు ఇచ్చే రోజుల్లో అన్నకు తమ్ముడు సూరిటీ, తమ్ముడికి అన్న సూరిటీ అని ఇద్దరూ కలిసి కాగితాలు పట్టుకొచ్చేవారు. ఇద్దరిదీ ఒకే చెరువు కింద పొలం. చెరువు ఎండితే ఇద్దరూ ఎండుతారు, ఇక సూరిటీ ఎవరికి? పక్క ఊరి మనిషిని తెమ్మనేవాణ్ణి. ఉమ్మడి బీమా అంటే ఆ పక్క ఊరి సూరిటీయే. 2019 నవంబరులో అప్పటి జర్మన్ ఆర్థిక మంత్రి ఓలాఫ్ షోల్జ్ కొంత మెత్తబడి, ఏదో ఒక రూపంలో ఉమ్మడి బీమాకు సరే అన్నారు. సొంత ప్రభుత్వ బాండ్లను రిస్కు లేనివిగా లెక్కగట్టడం మానాలని షరతు పెట్టారు. ఆ షరతు ఇటలీకి మింగుడుపడదు. బ్యాంకులు బాండ్లు కొనడం తగ్గిస్తే దాని అప్పు మీద వడ్డీ పెరుగుతుంది. 2022 జూన్‌లో ఆర్థిక మంత్రులు దీన్ని పక్కనపెట్టి, ముందు మునిగే బ్యాంకులను సర్దే నియమాలు చూద్దాం అనుకున్నారు. ప్రస్తుతానికి ఒక దేశ నిధి ఇంకో దేశ నిధికి, ఇష్టమైతే, చేబదులు ఇవ్వొచ్చు. చట్టంలో ఉన్నది అంతే. చేబదులు ఎప్పుడు దొరుకుతుందో, ఎప్పుడు దొరకదో మనకు తెలియంది కాదు.

నన్నడిగితే బాండ్ల విషయంలో ఇటలీ జర్మనీ మాట వినాలి, నిధి విషయంలో జర్మనీ ఇటలీ మాట వినాలి. ముందు నువ్వంటే ముందు నువ్వని పదేళ్ళు గడిపేశారు.

ప్రశ్న: అంకుల్, నేను డబ్లిన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. పార్ట్‌టైమ్ జీతం ఒక యాప్ బ్యాంకులో పడుతుంది. దానికి లిథువేనియా లైసెన్సు అట. నా డబ్బుకు ఐర్లండ్ హామీ ఉంటుందా?
— విద్యార్థి, డబ్లిన్

జవాబు: ఉండదు బాబూ. బ్యాంకుకు లైసెన్సు ఏ దేశానిదైతే హామీ ఆ దేశానిదే. నీకు లిథువేనియా నిధి హామీ. పరిమితి అదే లక్ష యూరోలు. ఖాతా నెంబరు ముందున్న రెండక్షరాలు ఐర్లండువే అయినా మోసపోకు. డబ్లిన్‌లో బ్రాంచి పెట్టి ఐర్లండ్ నెంబరు ఇచ్చినా హామీ సొంత దేశానిదే ఉంటుంది. ఖాతా తెరిచేటప్పుడు డిపాజిటర్ల సమాచార పత్రం అని ఒకటి పంపి ఉంటారు. మనం చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ నొక్కేస్తాం చూడు, అందులో మొదటి వరసలోనే ఉంటుంది ఏ నిధి అన్నది. అసలు అలాంటి కాగితమే లేదంటే అది బ్యాంకు కాదు, వాలెట్ అయివుండొచ్చు. వాలెట్ డబ్బును విడిగా దాచాలన్న నియమం ఉంటుంది గానీ, డిపాజిట్ బీమా ఉండదు. నెల జీతం వరకు ఉంచుకో. ఫీజు డబ్బు అందులో పెట్టకు.

ప్రశ్న: మా ఊళ్ళో ఏడు లక్షలు ఎఫ్‌డీ చేశాను. ఐదు లక్షలకు బీమా అంటున్నారు. రెండు బ్రాంచీల్లో వేస్తే పది లక్షలకు వస్తుందా? రసీదు జెరాక్సు జతచేశాను.
— రైతు, మిర్యాలగూడ

జవాబు: రాదండీ. ఒక బ్యాంకులో ఎన్ని బ్రాంచీల్లో వేసినా, అసలూ వడ్డీ కలిపి మనిషికి ఐదు లక్షలే. 2020 ఫిబ్రవరి నుంచి ఇది అమల్లో ఉంది. వేరే బ్యాంకులో వేస్తే అక్కడ ఇంకో ఐదు లక్షలు. 2021లో చట్టం మార్చారు కాబట్టి రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెట్టిన 90 రోజుల్లో బీమా సొమ్ము ఇవ్వాలి. మా అక్కలా రెండున్నరేళ్ళు ఆగక్కర్లేదు.

మీరు వేసింది బ్యాంకులోనేనా, గ్రామ సహకార సొసైటీలోనా? సొసైటీ అయితే ఈ బీమా అస్సలు వర్తించదు. జెరాక్సులో కింది సగమే పడింది, పేరున్న పైసగం తెగిపోయింది. మళ్ళీ తీయించి పంపండి, చూసి చెప్తాను.