వచ్చే నెల మీటింగుకు ఒక్క ప్రశ్న

అమ్మాయీ,

ఊళ్లోని పొదుపు సంఘాలన్నీ కలిసిన మీ గ్రామైక్య సంఘం సంగతి రాశావు. అప్పు వాయిదాలు కట్టడం ఆగిపోయింది, సంఘాల పుస్తకాలు రాసే వీవోఏ మీద అనుమానం, అధ్యక్షురాలు ఒక పక్క, కోశాధికారి ఒక పక్క. అందరినీ కూర్చోబెట్టాలనుంది, ఏమని మొదలుపెట్టాలో చెప్పమన్నావు.

ముందు లెక్క తేల్చు. డబ్బు పోయిందన్న అనుమానం చర్చకు పెట్టేది కాదు. పాస్‌బుక్కులు, రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు దగ్గర పెట్టుకుని చూడాలి, అవసరమైతే ఆడిట్ అడగాలి. అది చేయకుండా మనసు విప్పి మాట్లాడుకుందాం అంటే తిన్నవాళ్లు తప్పించుకుంటారు, తిననివాళ్లు నింద మోస్తారు. మీటింగు ఆ తర్వాతే.

నువ్వు రాసుకున్న ప్రశ్న చూశాను. "ఈ పరిస్థితికి కారణం ఎవరు?" అది వద్దు. ఆ మాట నీ నోట్లోంచి వచ్చీ రాకముందే కళ్లన్నీ వీవోఏ మీదికి తిరుగుతాయి. ఆమె ఏడుస్తుంది, ఆమె తరఫువాళ్లు లేచిపోతారు. రెండోది, "సంఘాన్ని ఎలా బాగుచేసుకుందాం?" వినడానికి బాగుంది గానీ దాని జవాబు అందరికీ కంఠతా వచ్చు. పొదుపు ఆపకూడదు, సమావేశాలు తప్పకూడదు, పుస్తకాలు సరిగ్గా రాయాలి... పంచసూత్రాలు అప్పజెప్పి, టీ తాగి, తీర్మానాల పుస్తకంలో సంతకాలు పెట్టి ఇళ్లకు పోతారు. అలాంటి తీర్మానాలు ప్రతి మండలంలోనూ బీరువాల నిండా ఉన్నాయి.

అక్కడ కూర్చున్న ప్రతి మనిషీ తన అనుభవంలోంచి చెప్పగలగాలి, ఆ జవాబు నీకు ముందే తెలిసి ఉండకూడదు. ప్రశ్నలో నేను చూసేది ఇదే. "సంఘానికి డబ్బు కట్టాలంటే మొదటిసారి మనసు వెనక్కి లాగింది ఎప్పుడు? ఆ నెల ఏం జరిగింది?" అని అడిగి చూడు. కట్టనామెకూ జవాబుంటుంది, నెలనెలా కడుతూ లోపల్లోపల మండిపోతున్నామెకూ ఉంటుంది, వీవోఏకీ ఉంటుంది. ఒకామె 2014లో డ్వాక్రా రుణమాఫీ అన్నప్పుడు ఆపాం, అప్పట్నుంచే అలవాటు తప్పింది అనొచ్చు. ఇంకొకామె లోను వచ్చిన ప్రతిసారీ మా వీధి సంఘాన్ని ఆఖర్న పెట్టారు అనొచ్చు. మరొకామె నేను కట్టింది పుస్తకంలో ఎక్కలేదు, అడిగితే విసుక్కున్నారు అనొచ్చు. మూడూ మూడు వేరు జబ్బులు, మందూ వేరు. ఎందుకు కట్టలేదని నిలదీస్తే ముగ్గురూ "చేతిలో లేక" అనే చెబుతారు.

ఎవరి అనుభవం వాళ్లు మాట్లాడుకుంటే ఏమవుతుందో చూడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్లు ముందు కూర్చున్నది రాత్రిబడిలోనే. సారా గురించిన పాఠం చదివి, ఇది మన ఇంటి గోలే కదా అని మాట్లాడుకున్నారు. మరుసటి ఏడాది అక్టోబరుకల్లా రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. మన సంఘాలకు ఆ ఊరు పుట్టిల్లు లాంటిది, గుర్తుపెట్టుకో.

ప్రశ్న తయారయ్యాక ఇద్దరి మీద ప్రయోగించు: మీ సంఘంలో అందరికంటే ఎక్కువ మాట్లాడే ఆమె, అసలు నోరు విప్పని ఆమె. రెండో ఆమె "అంటే ఏందక్కా?" అందంటే తిరగరాయి. "నమ్మకం", "బాధ్యత", "పారదర్శకత" లాంటి మాటలుంటే కొట్టేయి, అవి ట్రైనింగుల్లో విని విని అరిగిపోయాయి.

మీటింగు రోజు ముందు ముగ్గురేసి మాట్లాడుకోనివ్వు. ఒకే సంఘం వాళ్లు ఒకచోట చేరకుండా చూడు, లేకపోతే లీడరు చెప్పిందే మిగతా ఇద్దరూ చెబుతారు. అడిగాక నువ్వు నోరు మూసుకో. కాసేపు ఎవరూ పలకరు, నీకు ఊపిరాడదు, ఉదాహరణ చెబుదామనిపిస్తుంది. చెప్పావో, అందరూ నీ ఉదాహరణనే తిప్పి చెబుతారు.

మండలంలో సంఘాల పని చూసే అధికారి, ఏపీఎం గారిని ఆ పూట పిలవకు. ఆయన మంచివాడే, కానీ కుర్చీలో ఆయనుంటే అందరూ ఆయనకే జవాబు చెబుతారు. ముందే కలిసి విషయం చెప్పి ఒప్పించు, రాసుకున్న అంశాలు తర్వాత చూపిస్తానను.

ప్రశ్న రెండు మూడు రకాలుగా రాసి ఆదివారంలోపు వాట్సాప్‌లో పంపు. వాయిస్ మెసేజ్ వద్దు, రాసే పంపు.

ఆశీస్సులతో,
మీ పిన్ని