పాప నా కూతురు కాదేమోనన్న అనుమానం... డబ్బు ఆపేయొచ్చా?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర ఊరు. తొమ్మిదేళ్లు దుబాయ్‌లో పనిచేశాను. మధ్యలో 45 రోజుల సెలవు మీద వచ్చి వెళ్లాను. నేను ఊళ్లో దిగిన రోజు నుంచి సరిగ్గా 250 రోజులకు పాప పుట్టింది. ఇప్పుడు దానికి ఐదేళ్లు. ఇద్దరం ఒప్పుకుని విడాకులు తీసుకుని రెండేళ్లయింది. పాప ఖర్చులకు కోర్టు చెప్పినట్టు నెలకు 8 వేలు ఇస్తున్నాను. ఇప్పుడు ఆటో నడుపుతున్నా, ఆ డబ్బు కట్టడం కష్టంగా ఉంది. పాపకు నా పోలిక లేదని, తొమ్మిది నెలలు నిండకుండానే ఎట్ల పుట్టిందని మా అక్క అంటోంది. రెండు నెలలుగా డబ్బు ఆపేశాను. డీఎన్‌ఏ పరీక్ష చేయించొచ్చా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ 250 రోజుల సంగతి చూద్దాం. మీ నిద్ర పోగొట్టింది ఆ లెక్కే.

డాక్టర్లు గర్భాన్ని భార్యాభర్తలు కలిసిన రోజు నుంచి లెక్కపెట్టరు, చివరిసారి నెలసరి వచ్చిన రోజు నుంచి లెక్కపెడతారు. అలా లెక్కేస్తేనే 40 వారాలు. అందులో మొదటి రెండు వారాలకు గర్భమే ఉండదు. మీ 250 రోజులకు ఆ 14 కలపండి. 264 రోజులు, అంటే 37 వారాలు దాటాయి. 37 వారాలకు పుట్టే పిల్లలు ఎంతమందో మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగినా చెబుతుంది. మీ అక్క వేళ్ల మీద లెక్కపెట్టిన తొమ్మిది నెలల్లో అనుమానించాల్సిందేమీ లేదు. ఇక పోలిక అంటారా, అమ్మమ్మ ముక్కుతో పుట్టే పిల్లలు ఇంటింటా ఉంటారు.

చట్టం కూడా తేదీలే చూస్తుంది. భారతీయ సాక్ష్య అధినియమం 116వ సెక్షన్ ప్రకారం, పెళ్లి నిలిచి ఉన్న కాలంలో పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే. కాదనాలంటే, గర్భం నిలిచే సమయంలో భార్యాభర్తలకు కలిసే అవకాశమే లేదని భర్త రుజువు చేయాలి. ఆ సమయంలో ఇంట్లోనే ఉన్నానని మీరే రాశారు. మీ పాస్‌పోర్టు మీద ముద్రలు చెప్పేదీ అదే. విడాకుల పిటిషన్‌లో మాకు ఒక కూతురు అని ఉందేమో, మీ సంతకం ఉన్న ఆ కాగితం కూడా ఓసారి తీసి చదవండి.

డీఎన్‌ఏ దారి అసలే లేదని మాత్రం చెప్పను. కోర్టు ద్వారా జరిగిన పరీక్షలో తండ్రి కాదని తేలినప్పుడు, 2014లో సుప్రీంకోర్టు ఒకాయనను బిడ్డ పోషణ భారం నుంచి తప్పించింది. కానీ అదే కోర్టు 2023లో, భార్యాభర్తల గొడవలో అడిగినప్పుడల్లా పిల్లలకు ఈ పరీక్ష చేయించకూడదని గట్టిగా చెప్పింది. నా పుట్టుకను అనుమానించొద్దు అనే హక్కు బిడ్డకూ ఉందంది. మీ దగ్గరున్న ఆధారాలతో కోర్టు ఒప్పుకోవడం చాలా కష్టం. పాపను కలిసిన రోజు చాటుగా వెంట్రుకో ఉమ్మో తీసి ప్రైవేటు ల్యాబ్‌కు పంపే ఆలోచన ఉంటే, దయచేసి మానుకోండి. కోర్టు ఆ కాగితాన్ని నమ్మాలని లేదు. పాప మాత్రం పెద్దయ్యాక ఆ సంగతి తప్పకుండా తెలుసుకుంటుంది.

డబ్బు ఆపడం మీరు చేసిన పెద్ద పొరపాటు. మీ ఉత్తర్వు భారతీయ నాగరిక సురక్షా సంహితలో భార్యాపిల్లల పోషణ గురించి చెప్పే 144వ సెక్షన్ కింద ఇచ్చిందైతే, బాకీ పెట్టిన ఒక్కో నెలకు నెల వరకు జైలు పడొచ్చు. అనుమానం తేలేదాకా ఆగుతానంటే కోర్టు వినదు. మాజీ భార్య మీద ఎంత కోపమున్నా పాప ఖర్చును దానితో ముడిపెట్టకూడదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపిన మాట ఆటో గురించి రాసింది. దుబాయ్ జీతంతో 8 వేలు ఇవ్వగలిగినవాళ్లకు ఆటో మీద కష్టమే, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆదాయం తగ్గిందని కోర్టుకు చెప్పి, మొత్తం తగ్గించమని అడగొచ్చు. లాయర్ ఖర్చు భరించలేకపోతే 15100కు ఫోన్ చేయండి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు దారి చూపిస్తారు. అర్హత ఉంటే లాయర్‌ను ఉచితంగానే ఇస్తారు. ఆటో ఫైనాన్స్ కాగితాలు, బ్యాంకు పాస్‌బుక్ దగ్గర పెట్టుకోండి.

ఈలోగా కుదిరినంతైనా పాప అమ్మ ఖాతాలో వేయండి, చేతికి ఇవ్వొద్దు, రికార్డు ఉండాలి. కలిసే రోజున పాప దగ్గరికి వెళ్లండి. ఈసారి అక్కను వెంట తీసుకెళ్లకండి.